వేడుకా, విహారమా: మేనత్త, మేనకోడలి సంవాదం

మధ్యతరగతి ఇంట్లో వేడుకకూ విహారయాత్రకూ డబ్బు ఒకే బీరువాలోంచి రావాలి. బారసాల, అన్నప్రాసన, ఓణీలు, గృహప్రవేశం, షష్టిపూర్తి, ఏ శుభకార్యమైనా దాని ఖర్చును నాలుగు విషయాలు నిర్ణయిస్తాయి: ఎందరిని పిలుస్తారు, ఎక్కడ చేస్తారు, ఏ రోజు చేస్తారు, సొమ్ము ఎలా సమకూరుస్తారు. నాలుగు రోజులు నగరం చూసి రావడానికి పెట్టే ఖర్చునూ ఇవే నిర్ణయిస్తాయి. అందుకే రెండింటి లెక్కనూ ఒకే కాగితం మీద వేసి చూడాలి.

ఇక్కడ తీసుకున్న సందర్భం షష్టిపూర్తి. తెలుగు సంవత్సరాలు అరవై; అరవై ఏళ్లు నిండిన మనిషికి పుట్టిన సంవత్సరం పేరు మళ్లీ వస్తుంది. 1966 ఉగాది తరువాత పరాభవ నామ సంవత్సరంలో పుట్టినవారికి 2026 మార్చి 19 ఉగాదితో మొదలయ్యేది మళ్లీ పరాభవే. రాజమహేంద్రవరంలోని ఒక ఇంట్లో ఇంటి యజమానికి ఆ ఏడే షష్టిపూర్తి. ఆయన అక్కగారు మండపంలో ఘనంగా జరగాలంటారు. ఇంటి జమాఖర్చులు చూసే కూతురు వేడుకను ఇంటికి పరిమితం చేసి, మిగిలిన డబ్బుతో అందరూ విశాఖ వెళ్లి రావాలంటుంది.

పిలుపు

మేనత్త: మీ నాన్నకి అరవై నిండేది ఒక్కసారే అమ్మాయ్. ఇన్నాళ్లూ ఊళ్లో ప్రతి ఇంటా పెళ్లికీ పేరంటానికీ వెళ్లి విస్తరి ముందు కూర్చున్నాం. మన వంతు వచ్చేసరికి ఇంట్లోనే చిన్నగా చేసుకుంటామంటే నలుగురూ ఏమనుకుంటారు? మూడు వందల మందిని పిలవాల్సిందే. మనం పెట్టే భోజనం చుట్టరికాన్ని నిలబెడుతుంది.

మేనకోడలు: పెట్టొద్దని నేననలేదు అత్తా. ఆ మూడు వందల మందీ ఎవరో ఒకసారి రాసి చూద్దామంటున్నాను. రాకపోతే వేడుకే కాదనుకునే వాళ్లు కొందరు. వస్తే సంతోషించే వాళ్లు ఇంకొందరు. పిలవకపోతే ఏమనుకుంటారోనన్న భయంతో పిలిచే వాళ్లు మిగతావాళ్లు. మొదటి రెండు జాబితాలూ కలిపితే ఎనభై దాటవు. మూడో జాబితాలోని వాళ్లు వచ్చినా అక్షింతలు వేసి, భోంచేసి, మనతో రెండు మాటలైనా మాట్లాడకుండానే వెళ్లిపోతారు. ఎక్కువ డబ్బు పోయేది వాళ్ల ప్లేట్లకే.

మేనత్త: వాళ్లు వట్టి చేతులతో రారుగా. చదివింపుల పుస్తకం తీసి చూడు. మనం వాళ్లకి పెట్టింది వాళ్లు మనకి తిరిగి పెడతారు.

మేనకోడలు: పుస్తకాన్ని ఆదాయంగా చూస్తేనే మోసపోతాం. ఈరోజు వచ్చిన ప్రతి కవరూ రేపు మనం వాళ్లింట్లో తిరిగి చదివించాల్సిందే. అదంతా చేబదులు. కేటరింగ్ వాళ్లకి ఆ పూటే కట్టాలి, చేబదులు మాత్రం పదేళ్లు తీరుస్తూనే ఉండాలి.

మేనత్త: లెక్క సరే, మర్యాద సంగతి? ఫోన్లో బొమ్మ పంపి రమ్మంటే అది పిలుపు కాదు. బొట్టు పెట్టి పిలవాలి. ఎనభై మందే అంటావా, ఆ ఎనభై మంది గడపలూ తొక్కాలి.

మేనకోడలు ఈ మాటను వెంటనే ఒప్పుకుంది. పిలుపు స్వయంగా వెళ్లి చేయడం వల్ల జాబితా దానంతట అదే తగ్గుతుందని ఆమె వాదన: వెళ్లి పిలవడానికి తీరిక లేని ఇంటిని పిలవకపోయినా తప్పులేదు. పైగా ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైంది కాబట్టి పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలోని మహిళలకు ఛార్జీ లేదు. కుంకుమ భరిణె పట్టుకుని చుట్టుపక్కల ఊళ్లు తిరిగి రావడానికి సమయమే గానీ డబ్బు ఖర్చు కాదు.

మండపమా, ఇల్లా

మేనత్త: ఎనభై మందైనా ఇంట్లో ఎలా పడతారు? ఉగ్రరథ శాంతి, ఆయుష్య హోమం, కలశ జలాలతో స్నానం, మళ్లీ మాంగల్యధారణ, ఇంత తంతు ఉంది. మండపమైతే వంటగది, పార్కింగు, కుర్చీలు అన్నీ అక్కడే ఉంటాయి. ఇంటి ఆడవాళ్లు కూడా కాసేపు కూర్చుని వేడుక చూస్తారు. ఇంట్లో చేస్తే అందరూ వంటింట్లోనే.

మేనకోడలు: మీ చివరి మాట నిజం. ఇంట్లో చేస్తే ఖర్చు తగ్గి ఆడవాళ్ల చాకిరీ పెరిగితే అది పొదుపు కాదు. అందుకే వంటవాళ్లని పెట్టుకుని, సరుకులు మనమే కొందాం. గిన్నెలూ కుర్చీలూ షామియానా అద్దెకి తెద్దాం. హోమం వరండాలో, భోజనాలు పక్క ఖాళీ స్థలంలో. కేటరింగ్ ప్లేటు లెక్కలో ఇరవై రకాలు వడ్డిస్తారు, సగం ఆకులోనే మిగిలిపోతాయి. ఇంటి వంటలో పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, పులిహోర, బూరెలు, పెరుగు ఆవడలు, ఇవి చాలు. ఏవీ పారేసేవి కావు.

ఇద్దరూ తమ తమ లెక్కలు కాగితం మీద పెట్టారు. ధరలు ఊరిని బట్టీ సీజన్‌ను బట్టీ మారతాయి కాబట్టి ఇవి పోల్చుకోవడానికి వేసుకున్న అంచనాలే.

మండపం లెక్క ఇది. ప్లేటుకు 350 చొప్పున 300 మందికి భోజనం 1,05,000 రూపాయలు. మండపం అద్దె 25,000, వేదిక అలంకరణ 15,000, ఫోటోలూ వీడియో 20,000, మనిషికి 50 చొప్పున రిటర్న్ గిఫ్టులు 15,000, పురోహితులూ పూజా సామగ్రీ 15,000, బట్టలు 10,000. మొత్తం 2,05,000.

ఇంటి లెక్కలో 80 మందికి మనిషికి 200 చొప్పున భోజనం 16,000. షామియానా, గిన్నెలు, కుర్చీలు 6,000. పురోహితులూ సామగ్రీ 15,000, బట్టలు 10,000. మొత్తం 47,000. రెండు లెక్కల్లోనూ తంతుకైన ఖర్చు ఒకటే. తేడా చాలావరకు అతిథుల సంఖ్యలోనూ అలంకరణలోనూ వచ్చింది.

మేనత్త: ఫోటోలు కూడా తీసేశావు. అరవై ఏళ్ల మనిషికి మళ్లీ తాళి కట్టే ఫోటో ఉండొద్దా?

మేనకోడలు: ఉండాలి. వీడియో, డ్రోను, ఆల్బమ్ పెట్టె వద్దంటున్నాను. మంచి ఫోటోగ్రాఫర్‌ని మాంగల్యధారణ నుంచి ఆశీర్వచనం దాకా రెండు గంటలు పిలుద్దాం. దానికి ఇంకో ఐదు వేలు రాయండి.

అంటే ఇంటి లెక్క 52,000 అయింది. రిటర్న్ గిఫ్టుల దగ్గర మాత్రం మేనత్త పట్టుబట్టలేదు. వచ్చిన ముత్తైదువలకు తాంబూలం, రవికెల గుడ్డ ఇస్తే చాలని ఆమే తేల్చింది.

రోజు

మేనత్త: ముహూర్తం నీ సెలవుల్ని బట్టి మారదు. పుట్టిన నెలలో జన్మనక్షత్రం పడిన రోజే చేయాలి. ఆ ఏడాది జ్యేష్ఠం అధిక మాసం కూడా వస్తోంది. దాన్ని వదిలి నిజ జ్యేష్ఠం చూసుకోవాలి.

మేనకోడలు: ముహూర్తం మీదే. ప్రయాణం మాత్రం మర్నాడే మొదలు కానక్కర్లేదు. శుభకార్యానికి పంచాంగం చూసినట్టే ప్రయాణానికి రద్దీ చూడాలి. కార్తీకమాసంలో అన్నవరం కిటకిటలాడుతుంది. చలికాలంలో అరకు కోసం వచ్చేవాళ్లతో విశాఖ లాడ్జిలు నిండిపోతాయి. సింహాచలంలో చందనోత్సవం నాడూ, ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణ నాడూ గది దొరకడమే కష్టం. పిల్లల బడి సెలవులూ, వారాంతాలూ తప్పిస్తే అదే గది తక్కువకి వస్తుంది.

రైలు విషయంలోనూ తేదీ ముఖ్యం. రిజర్వేషన్ గడువును రైల్వే 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించింది. అందువల్ల ముహూర్తం ఖాయమైన వెంటనే క్యాలెండరులో అరవై రోజులు వెనక్కి లెక్కపెట్టి గుర్తు పెట్టుకోవాలి. ఐదేళ్ల లోపు పిల్లలకు బెర్తు అడగకపోతే టికెట్ అక్కర్లేదు. ఐదు నుంచి పన్నెండేళ్ల లోపు వాళ్లకు ప్రత్యేక బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ పడుతుంది. వృద్ధులకు ఒకప్పుడున్న రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది కాబట్టి పెద్దవాళ్లున్న ఇల్లు ఆ ఆశతో లెక్క వేసుకోకూడదు. రాజమహేంద్రవరం నుంచి విశాఖ రెండు వందల కిలోమీటర్లే. పగటి రైల్లో కూర్చుని వెళ్లే దూరానికి బెర్తు ఖర్చు అనవసరం.

ఏ నగరం

మేనత్త: వెళ్లేదే అయితే హైదరాబాద్ వెళ్దాం. చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం. విశాఖ అందరూ చూసిందే.

మేనకోడలు: హైదరాబాద్ చూడదగిందే. కానీ వెళ్లే పదిమందిలో ఆరుగురు ఆడవాళ్లం. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి ఉచిత ప్రయాణం ఆ రాష్ట్రం వాళ్లకే. అక్కడ మనం టికెట్ కొనాలి. విశాఖలో సిటీ బస్సుల్లో స్త్రీశక్తి వర్తిస్తుంది. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. విశాఖకు రైలు ఛార్జీ కూడా తక్కువే. దారిలో అన్నవరం ఉంది. షష్టిపూర్తి అయ్యాక దంపతులు సత్యనారాయణ వ్రతం చేసుకోవడం మీకూ ఇష్టమేగా?

మేనత్త: అన్నవరంలో వ్రతమంటే వందల మందిని ఒకే హాల్లో కూర్చోబెట్టి చేయిస్తారు. ఇంట్లో చేసుకున్నంత తీరిగ్గా ఉంటుందా?

మేనకోడలు: తీరిక ఉండదు. కానీ పూజా సామగ్రి, పురోహితులు, పీట, ప్రసాదం అన్నీ టికెట్లోనే వస్తాయి. టికెట్లలో తరగతులున్నాయి, మన స్తోమతకి తగ్గది తీసుకోవచ్చు. కొండపైకి బస్సులున్నాయి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెట్లు ఎక్కనక్కర్లేదు. మధ్యాహ్నం దేవస్థానం అన్నదానంలో భోంచేసి సాయంత్రానికి విశాఖ చేరుకోవచ్చు.

అన్నవరం ఎర్ర గోధుమ నూక ప్రసాదాన్ని ఆకు పొట్లాల్లో కట్టి అమ్ముతారు. పిలవలేకపోయిన మూడో జాబితా ఇళ్లకు ఆ పొట్లాలు పంపిస్తే ఎవరినీ మరిచిపోలేదన్న మాట దక్కుతుందని మేనత్త సూచించింది.

విడిది

మేనత్త: నగరంలో అసలు డబ్బు పోయేది గదులకి. సముద్రం కనపడే గది అంటారు, మూడింతలు గుంజుతారు.

మేనకోడలు: సముద్రం కిందికి దిగి చూస్తే ఉచితమే. బస్ స్టేషన్, రైల్వే స్టేషన్ దగ్గరి లాడ్జిలో దిగి బస్సెక్కి బీచ్‌కి వెళ్దాం. గదికి 1,500 చొప్పున నాలుగు గదులు, రెండు రాత్రులు అంటే 12,000. రోజుకు 7,500 దాటని గదుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను ఆరు వందలు.

గది తీసుకునేటప్పుడు ధరతో పాటు అడగాల్సింది ఖాళీ చేసే వేళ. కొన్ని లాడ్జిల్లో దిగిన వేళ నుంచి ఇరవై నాలుగు గంటల లెక్క ఉంటుంది. మరికొన్నింట్లో ఎప్పుడు దిగినా మర్నాడు మధ్యాహ్నానికి ఖాళీ చేయాలి. సాయంత్రం చేరుకునే కుటుంబానికి మొదటి పద్ధతి లాభం. అదనపు పరుపుకు ఎంత, వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయి, లిఫ్టు ఉందా అన్నవి ముందే అడగాలి. రైలు కోసం కొన్ని గంటలే ఆగాల్సి వస్తే పెద్ద స్టేషన్లలోని రిటైరింగ్ రూములు పీఎన్‌ఆర్ నంబరుతో దొరుకుతాయి.

తిరుగుడూ తిండీ

మేనత్త: నువ్వు ఇంతసేపూ మిగిల్చిందంతా అక్కడ కారుతుంది చూడు. పొద్దున ఆటో, మధ్యాహ్నం ఆటో, పిల్లలకి ఐస్‌క్రీం, పెద్దలకి కాఫీ, బీచ్‌లో గుర్రం, సాయంత్రం షాపింగ్. వేడుకలో పెట్టిన డబ్బు మనుషులు తిన్నారనైనా ఉంటుంది. విహారంలో పోయింది ఎక్కడ పోయిందో కూడా తెలియదు.

మేనకోడలు: అది నిజమే. అందుకే చేతిఖర్చు ఒక్కరి దగ్గరే ఉండాలి, మీ దగ్గరే. రోజుకి ఇంత అని ముందే తీసి పెడదాం. ఎవరి ఫోన్లోంచి వాళ్లు చెల్లించుకుంటూ పోతే సాయంత్రానికి లెక్క తేలదు.

చూడవలసినవాటిని ఉచితమైనవి, టికెట్ ఉన్నవి, రోజంతా పట్టేవి అని విడదీసుకోవాలన్నది మేనకోడలి పద్ధతి. ఆర్కే బీచ్, రుషికొండ తీరం, భీమిలి దాకా సాగే తీరప్రాంతపు దారి మొదటి రకం. ఆర్కే బీచ్‌లో కెరటాల ఉద్ధృతి ఎక్కువ. అక్కడ ఒడ్డున కూర్చోవడమే మంచిది, స్నానాలు వద్దు. కురుసుర జలాంతర్గామి మ్యూజియం రెండో రకం. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన ఈ జలాంతర్గామిని ఒడ్డుకు చేర్చి 2002లో ప్రదర్శనశాలగా మార్చారు. లోపల ఒక గదిలోంచి మరో గదిలోకి గుండ్రటి ఇరుకు ద్వారాల గుండా వంగి వెళ్లాలి కాబట్టి నడుం నొప్పి ఉన్నవాళ్లకు టికెట్ కొనక్కర్లేదు. ఎదురుగానే ఉన్న టీయూ-142 విమాన మ్యూజియం 2017 చివర్లో తెరిచారు. కైలాసగిరికి రోప్‌వేలో వెళ్లడం పిల్లలకు సరదా. కురుసురకూ ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాలకూ సోమవారం సెలవు. ఆ సంగతి చూసుకోకపోతే వెళ్లిరావడానికైన ఖర్చు వృథా.

మేనత్త: అరకు, బొర్రా గుహలు లేకుండా విశాఖ వెళ్లొచ్చామని చెప్పుకుంటామా?

మేనకోడలు: అవి మూడో రకం. రెండు రాత్రుల్లో అరకు పెట్టుకుంటే ఒక రోజంతా ప్రయాణానికే పోతుంది, విశాఖ చూడం. చూడాలంటే ఇంకో రాత్రి ఉండాలి, నాలుగు గదులు, మళ్లీ ఆరు వేలు. కిరండూల్ రైలు సొరంగాల్లోంచి కొండలెక్కడం చూడదగిందే. అద్దాల పెట్టె టికెట్టే కొనక్కర్లేదు, మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నా అవే లోయలు. అయినా ఈసారికి వదిలేద్దాం.

తిండి దగ్గర ఇద్దరికీ పెద్ద తేడా రాలేదు. ఉదయం టిఫిను బయట, మధ్యాహ్నం ఒక పూట సింహాచలం దేవస్థానం అన్నదానం, రెండో రోజు మెస్సులో భోజనం, సాయంత్రం తీరంలో మిరపకాయ బజ్జీలు, ముంత మసాలా. ఇంటినుంచి పులిహోర, జంతికలు, నీళ్ల సీసాలు తెచ్చుకుంటే రైల్లో కొనే పని ఉండదు. మనిషికి రోజుకు 400 చొప్పున పదిమందికి మూడు రోజులు 12,000. గదులు, పన్ను కలిపి 12,600. రైలు, బస్సు, తప్పనిసరి ఆటోలు 6,000. వ్రతం, ప్రవేశ రుసుములు 5,000. యాత్ర మొత్తం 35,600.

సొమ్ము

ఇంటి వేడుక 52,000, యాత్ర 35,600, రెండూ కలిపి 87,600. మండపం లెక్కలో ఇది సగం కన్నా తక్కువ.

మేనత్త: అంత బెంగ దేనికి? చీటీ ఉందిగా, పాడి ఎత్తేద్దాం.

మేనకోడలు: లక్ష చీటీని ఇరవై ఐదు వేలు తగ్గించి పాడితే చేతికొచ్చేది డెబ్బై ఐదు వేలు, కంతులు మాత్రం చివరిదాకా కట్టాలి. తొందరపడి మొదటి నెలల్లో ఎత్తుకునేవాళ్లకే ఈ కోత ఎక్కువ. చట్టం ప్రకారం చీటీ నడిపేవారి కమీషన్ ఏడు శాతం దాకా ఉండొచ్చు. ఎవరికో జబ్బు చేస్తేనో, పిల్లల ఫీజు కట్టాల్సి వస్తేనో పాడటం వేరు. ఏడాది ముందే తెలిసిన వేడుకకి పాడటం ఎందుకు? నెలకి 7,300 పక్కన పెడితే పన్నెండు నెలల్లో ఈ మొత్తం తయారవుతుంది.

మేనత్త: పక్కన పెట్టిన డబ్బు ఇంట్లో నిలవదు అమ్మాయ్, ఏదో ఒక ఖర్చు మింగేస్తుంది. కంతు కట్టాలన్న భయం ఉంటేనే దాచగలం. చీటీ నేర్పేది అదే.

మేనకోడలు: అయితే చీటీ కడదాం, పాట మాత్రం పాడొద్దు. చివరి నెలల్లో ఎత్తుకుందాం. లేదంటే బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లో వేద్దాం. బంగారం తాకట్టు మాత్రం వద్దు. అయిపోయిన విందుకి వడ్డీ కట్టడం ఎవరికీ సంతోషం కాదు.

తేలినవి, తేలనివి

సంవాదం ముగిసేసరికి కొన్ని విషయాలు ఖాయమయ్యాయి. తంతు ఇంటి దగ్గర, పంచాంగం చెప్పిన రోజున. భోజనానికి ఎనభై మంది, అందరికీ బొట్టు పెట్టి పిలుపు. వంట, వడ్డన ఇంటి ఆడవాళ్ల మీద పడకుండా వంటవాళ్లు. ఫోటోలు రెండు గంటలు, రిటర్న్ గిఫ్టులకు బదులు తాంబూలం. ఆ తరువాత రద్దీ లేని వారంలో అన్నవరం మీదుగా విశాఖ, సోమవారం రాకుండా రెండు రాత్రులు.

రెండు విషయాలు తేలలేదు. మూడో జాబితాను వదిలేస్తే ఆ ఇళ్లతో రాకపోకలు పలచబడతాయని మేనత్త ఇంకా నమ్ముతుంది. ఆమె భయానికి ఆధారం లేకపోలేదు, ఎందుకంటే ఊళ్లో చుట్టరికాలు చాలావరకు ఇలాంటి భోజనాల మీదే నిలుస్తాయి. ప్రసాదం పొట్లం ఆ లోటు పూడుస్తుందో లేదో తరువాతి పెళ్లి పిలుపులను బట్టి తెలుస్తుంది. రెండోది ప్రయాణం చేయలేని పెద్దవాళ్ల సంగతి. మంచాన ఉన్న మనిషి ఇంట్లో ఉంటే యాత్రకు పదిమందీ కలిసి వెళ్లడం కుదరదు. ఒకరు ఆగిపోవాలి, లేదా యాత్రను ఒక రాత్రికి కుదించాలి. అలాంటి ఇంట్లో యాత్ర డబ్బులో కొంత భాగాన్ని దూరపు చుట్టాలు వచ్చి రెండు రోజులు ఉండి వెళ్లేలా చూడటానికి పెట్టవచ్చునని మేనకోడలూ ఒప్పుకుంది. ఆ ఇంటికి జాబితాలోని సంఖ్యలు మారతాయి. ఎందరు, ఎక్కడ, ఎప్పుడు, ఏ సొమ్ముతో అన్న నాలుగు ప్రశ్నలు మాత్రం అదే వరుసలో వేసుకోవాలి.